నడుమలో ఆమెన్

నా మనవరాలు లిడియా కరీంనగర్‌లో మా ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేస్తుంది. పత్తి మిల్లుల సమాచారమంతా ఒకచోట చేర్చే కంప్యూటర్ సర్వీసు అది. ఆ రోజు దాన్ని మొదటిసారి తానొక్కతే ఆపి, మళ్లీ నడపాలి. పదకొండు నుంచి పదకొండూ పది వరకే గడువు. గడువు దాటితే సోమవారం నుంచి హైదరాబాద్ ఆఫీసుకే రావాలని వాళ్ల సారు వంశీధర్‌రావు ముందే చెప్పాడు.

నాకు పొద్దున్నుంచీ చాయ్ కూడా దిగలేదు.

"ఆపకుంట మార్చరాదా బిడ్డా?"

"మార్పులు నిన్ననే రాసిపెట్టిన బాపమ్మా. గని అది లేచేటప్పుడు ఒక్కసారే చదువుకుంటది. గంతదాక పాత తీరే నడుస్తది."

"మీ తాత లెక్కనే."

"ఫికర్ చెయ్యకు. ఇట్ల పోయి అట్ల వస్తది."

మా తమ్ముడు బెంజమిన్ కూడా అదే మాట చెప్పి పెద్దపల్లిలో రైలెక్కాడు. ముప్పై ఏండ్లయింది, తిరిగి రాలేదు. ఆ రోజు తొందరలో ప్రార్థన చేయలేదు. అప్పటినుంచి కూరగాయలకు పోయేవాళ్లను సైతం ప్రార్థన లేకుండా గడప దాటనివ్వను.

లిడియా బటన్ నొక్కింది. "ఆగింది" అంది.

"ఇగో! అది పోయింది! జల్ది వచ్చి ప్రార్థన చెయ్యి!" అని మా ఆయన్ను కేకేశాను.

దేవసహాయం వరండాలోంచి వచ్చి మా ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు. మా ఇంట్లో ఆమెన్ అనేదాకా చేయి విడవకూడదు, కళ్లు తెరవకూడదు. "తాతా, జర..." అని పిల్ల అనేలోపే, ప్రయాణంలో ఉన్నవాళ్లందరినీ ప్రభువు చేతికి అప్పగించడం మొదలుపెట్టాడు. అక్కడినుంచి చర్చి పైకప్పుకు, పైకప్పు నుంచి పక్కింటి హనుమండ్లు మోకాలికి వచ్చాడు.

ఫోన్ మోగింది. లిడియా నా వేళ్లు నలిపేస్తోంది. ఒక కన్ను తెరిచి చూశాను. పదకొండూ ఏడు. ఆయన ప్రార్థన చివర్లో వచ్చే అనాథల దగ్గరికి ఇంకా రానేలేదు. నలభై ఆరేండ్ల కాపురంలో ఆయన ప్రార్థనకు నేనెన్నడూ అడ్డు చెప్పలేదు.

"ఆమెన్!" అని అరిచాను.

లిడియా చేతులు విడిపించుకుని బటన్ నొక్కింది. తెర మీద అక్షరాల వరుసలు పరుగెత్తాయి. పదకొండూ తొమ్మిదికి పచ్చగుర్తు వెలిగింది. మళ్లీ మోగిన ఫోనెత్తి, "లేచింది సార్, కొత్త మార్పులు పట్టుకుంది" అంది. సారు ఏమన్నాడో గానీ పిల్ల నన్ను చూసి నవ్వింది. "ఇంటికాడ్నే చేసుకోమంటుండు బాపమ్మా!"

దేవసహాయం మాత్రం కదల్లేదు.

"దేవునితోని మాట్లాడుతుంటే నడుమల తెంపుతవా?"

"తెంపలే, ఆపిన. మల్ల మొదలువెట్టు."

ఆయన కళ్లు మూసుకుని మొదటినుంచి మొదలుపెట్టాడు. ఈసారి ప్రయాణికులకన్నా ముందు, నడుమలో ఆమెన్ అనేవాళ్లను క్షమించమని అడిగాడు.