వాలు సిలువ

న్యూజిలాండ్‌లో స్కాట్లాండ్‌వాళ్లు వచ్చి స్థిరపడ్డ ఇన్వర్‌కార్గిల్ ఊళ్లో, ఒక వృద్ధాశ్రమంలో నర్సు సలోమి, మెకెంజీ గారి గది గోడమీది చెక్క సిలువ పక్కకు ఒరిగిపోయిందనుకుని, స్తోత్రం చెప్పుకుంటూ నిలువుగా సరిచేసింది.

“ముట్టుకోకు!” మంచంమీంచి ఆయన అరిచాడు. “సెయింట్ ఆండ్రూ సిలువ ఇంటూ గుర్తులా వాలుగానే ఉంటుంది. ఆయన మా స్కాట్లాండ్ పునీతుడు. బయటివాళ్లకి ఏం తెలుస్తుంది!”

సలోమికి ఒళ్లు మండింది. గుంటూరు సండే స్కూల్లో పదేళ్లు బైబిలు చెప్పిన మనిషి.

“ఆండ్రూ అంటే మా అంద్రెయ. గలిలయ జాలరి. బతికుండగా మీ స్కాట్లాండ్ మొహమే చూడలేదు. చనిపోయాక ఆయన ఎముకలు పడవెక్కి వచ్చాయట, అంతమాత్రానికే మీవాడైపోయాడు!”



సలోమి సిలువను మళ్లీ వాలుగా తిప్పింది. “నేను మీ ఊరికి ప్రాణంతోనే వచ్చాను. చెయ్యి చాపండి, బీపీ చూడాలి.”