ఫిరంగి దిబ్బ మీద దీపం

ఫిరంగి దిబ్బ మీద ఎవరో కొత్త మనిషి తిరుగుతున్నాడన్న కబురు వచ్చేసరికి తవిటమ్మ వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. కొండల్లో గొడవలు మొదలైన దగ్గర్నుంచి ఊళ్లోకి ఎవడొచ్చినా సీఐడీ వాడే. మొన్న ముగ్గుపిండి అమ్ముకునేవాణ్ణి కూడా నిలదీసి నానా యాగీ చేశారు, పాపం. ఊరికి ఈ అనుమానాలు కొత్త. తవిటమ్మకి మాత్రం మనుషుల మీద నమ్మకం పోయి పాతికేళ్లయింది.

యుద్ధం రోజుల్లో, జపానువాళ్లు విశాఖపట్నం మీద బాంబులు వేశాక, ఈ ఊరి ఇసుకదిబ్బ మీద సిమెంటు గద్దెలు కట్టి, సముద్రం వైపు రెండు ఫిరంగులు నిలబెట్టారు. శత్రువు ఓడ ఒక్కటీ వచ్చిన పాపాన పోలేదు. పరీక్షకని పేల్చినప్పుడల్లా ఊళ్లో గేదెలు మాత్రం బెదిరి పాలు చేపేవి కావు. పొద్దుగూకితే దీపం కనబడకూడదని దండోరా వేయించారు. కార్తీకం రాగానే తవిటమ్మ మొగుడు జోగయ్య ఎప్పటిలాగే తాటిచెట్టు మీదికి ఆకాశదీపం ఎత్తాడు. ఆర్పమన్నది ఇళ్లల్లో దీపాలు గానీ, పితరులకి దారి చూపే దీపాన్ని ఎవరైనా ఆర్పమంటారా? ఊరు ఊరంతా అలాగే అనుకుంది. పటాలం వాళ్లు అది శత్రువుకి సైగ అనుకున్నారు. మర్నాడు తిన్నగా ఇంటికే వచ్చి జోగయ్యని పట్టుకుపోయారు. జైల్లో క్షయ జబ్బు తగిలించుకుని తిరిగొచ్చాడు, ఎన్నాళ్లో బతకలేదు.

తిన్నగా ఇంటికే ఎలా వచ్చారు? ఎవరో చెప్పబట్టే కదా! పటాలానికి రోజూ కొబ్బరిబొండాలు మోసినవాడు మరిది కూర్మయ్య. ఇంకెవరు చెబుతారు? తవిటమ్మ పెరట్లో అడ్డంగా గోడ కట్టించి, మరిదితో మాట మానేసింది. రేపు అతని కూతురు తాయారు పెళ్లి. పొద్దున గోడవతల నిలబడి, "ఒదినా, నువ్వొచ్చి అచ్చింతలెయ్యకపోతే నాకది పెళ్లిలాగుండదు" అని బతిమాలాడు. ఆమె వెళ్లి తలుపేసుకుంది.

వచ్చినవాడెవడో చూద్దామని తవిటమ్మ దిబ్బ ఎక్కేసరికి నెరిసిన మీసాల మనిషి గద్దె మీద కూర్చుని ఉన్నాడు. పేరు నరసింగరావట, ఒకప్పుడు ఇక్కడే హవల్దారట. పటాలం చరిత్ర రాస్తున్నారని, జ్ఞాపకం ఉన్నదంతా చెప్పడానికి ఈ చోటు ఓసారి చూసుకుపోదామని వచ్చాడట. తవిటమ్మ నమ్మితేనా!

"ఇక్కడున్నోడివైతే ఫిరంగి పేల్తే ఊళ్లో ఏటయ్యేదో సెప్పు."

"గేదిలు సేపట్లేదని ఆడోళ్లందరూ మా మీదికి తగువుకొచ్చీవోరు," అని నవ్వాడతను.

అప్పుడు ఆమె గద్దె పక్కన కూలబడింది. "నాను జోగయ్య పెళ్లాన్ని. దీపం ఎత్తింది ఆడేనని మీకు సెప్పినోడి పేరు సెప్పు బాబూ. రేపు పెళ్లిపందిట్లో నలుగురి ముందూ ఆణ్ణి అడిగెయ్యాల."

అతని నవ్వు పోయింది. "ఒద్దులే తల్లీ."

"కూర్మయ్యే గదా?"

"కాదు." గద్దె దిగి ఆమె ఎదురుగా ఇసుకలో కూర్చున్నాడు. "దీపం ఎత్తిన సాయంత్రం మీ ఇంటికి మజ్జిగకొచ్చాను. తాటిసెట్టు మీద దీపం బాగున్నాది, ఎవుళిదమ్మా అనడిగితే, మా ఇంటాయనదేనని నువ్వే సెప్పావు. మురిసిపోతా సెప్పావు. ఆ మాటే మా దొరకి సెప్పాను. కూర్మయ్య అక్కడే ఉన్నాడు. తరవాత నా కాళ్లట్టుకున్నాడు, ఒదిన సెప్పినట్టు అన్నకి తెలీనీకండి బాబూ అని."

తవిటమ్మకి ఆ మజ్జిగ చెంబు గుర్తొచ్చింది. మీసాలు తుడుచుకున్న సిపాయి గుర్తొచ్చాడు. ఇంటాయన గొప్ప చెప్పుకున్న తన గొంతు కూడా గుర్తొచ్చింది. 

దిబ్బ దిగి తిన్నగా మరిది పందిట్లోకి నడిచింది. మావిడాకులు గుచ్చుతున్న కూర్మయ్య ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"నాకెందుకు సెప్పలేదురా?"

ఏమిటని అతను అడగలేదు. "ఏటి సెప్పమంటావు ఒదినా? అన్న పోయీదాకా నీ సేతి గంజే తాగాడు. తెలిస్తే తాగుండునా?"

ఆమె అక్కడే చతికిలబడి బావురుమంది. లోపల పసుపు దంచుతున్న ఆడవాళ్లు ఏటైందేటైందంటూ పరిగెత్తుకొచ్చారు.

"ఏటీ లేదు. అన్న గుర్తొచ్చినట్టున్నాడు," అన్నాడు కూర్మయ్య.

"కాదు," అంది తవిటమ్మ, పందిట్లో ఉన్న అందరికీ వినబడేలా. "ఆ దీపం మాట పటాలానికి సెప్పింది నాను."