సున్నం మీద నీలం

సుశీల చనిపోయే ముందు ఒక్కటే అడిగింది. సమాధి మీద తన పేరు కంచె మీది శంఖుపుష్పాల రంగుతో రాయమంది. భర్త రత్నం రెండేళ్లు పువ్వులు దంచి, ఆరిన సున్నం మీద రాశాడు. రెండేళ్లూ వారం తిరక్కుండానే ఎండ ఆ పేరును తినేసింది.

"ఈసారి సమాధుల పండుగకు అక్క పేరు కనబడకుంటె నల్లరాయి పెట్టిస్త బావా," అన్నాడు ఆమె తమ్ముడు శామ్యూల్.

ఆ రాయి మీద సుశీల పేరు కింద, అంతకన్నా పెద్దగా, శామ్యూల్ పేరుంటుంది. అక్క మూడు నెలలు దవాఖానలో ఉంటే కాజీపేట నుంచి ఒక్కసారీ రాని మనిషి. రత్నం అది మరిచిపోయే రకం కాదు.

దారి చూపింది మాత్రం శామ్యూల్ కూతురే. కీర్తన ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది.

"రంగును ముల్తానీ మట్టిల కలుపుదాం మామా. మట్టి పొరల నడుమ దాక్కుంటది. ఎండకు దొరకది."

"మీ నాయిన లెక్కనా?"

కీర్తన నవ్వాపుకుని పువ్వులు ఉడకబెట్టింది. పటిక వేసి, మట్టి కలిపి, ఆరబెట్టి, నూరి, తుమ్మబంకతో చిక్కగా చేసింది. రెండు పెంకుల మీద ఏదో ఒకటి రాయమంది, ఒకదాని మీద ఉత్త రసంతో, ఇంకోదాని మీద మట్టి రంగుతో. రత్నానికి వేరే మాట తోచలేదు. రెండింటి మీదా సుశీల అని రాసి దాబా మీద పెట్టాడు. నలభై రోజులకు ఒక పెంకు బోసిపోయింది. రెండోదాని మీద నీలం అట్లాగే ఉంది.

పండుగ ముందురోజు రత్నం అందరూ చేసే పనే చేశాడు. సమాధికి రెండు పూతలు సున్నం వేశాడు. ఈసారి తడి ఆరకముందే పేరు రాశాడు. 'ల' దగ్గరికి వచ్చేసరికి 'సు' ఆకుపచ్చగా తిరిగింది. చూస్తుండగానే మిగతావీ తిరిగాయి.

కీర్తన వచ్చి నెత్తి పట్టుకుంది.

"పచ్చి సున్నం మీద రాసినవా మామా? మట్టి ఎండనైతె ఆపుతది గని సున్నాన్ని ఆపది. రేపటికి పసుపైతది."

"పండుగకు సున్నమెయ్యకుంటె మనుషులమా?"

తెల్లారి శామ్యూల్ ఆటోలో నల్లరాయి వేసుకుని వచ్చాడు. అప్పటికే రత్నం సమాధి తలవైపు సున్నం గీకేసి, ఎర్రమట్టి మెత్తి, దాబా మీది నీలం నిలిచిన పెంకు అందులో నిలబెట్టాడు.

"ఇంటి పెంకేంది బావా! నలుగురు నవ్వుతరు."

"పేరు కనబడ్తాందా?"

శామ్యూల్ వంగి చూశాడు. "కనబడ్తాంది."

"అయితె నీ రాయి దించకు. నీ పేరు చెక్కిచ్చుకున్నవ్ గద, దాచిపెట్టుకో. నీకే పనికొస్తది."

కీర్తన పెంకు ముందు కొవ్వొత్తి వెలిగించింది. రత్నం దాన్ని జానెడు ఇవతలికి జరిపాడు.

"మసి పడుతది," అన్నాడు.