ఉచిత ఫోను పూర్తి ధర

కొరియాలోని బుసాన్ ఊళ్లో, చేపల బజారులో ఎండు నెత్తళ్లు అమ్మే బున్రేతో బేరమాడి నెగ్గినవాళ్లు లేరు. కానీ ఉచితమనే మాట వినబడితే ఎంతటి గడుసువాళ్లమైనా కాస్త మెత్తబడతాం. ఆ రోజు ఫోన్ల దుకాణంలో ఆమె సంగతీ అంతే అయింది. నెలకి ఎనభై తొమ్మిది వేల వన్ల (అక్కడి డబ్బు) ఫోను పథకం రెండేళ్లు కడతానని సంతకం పెడితే ఫోను ఊరికే ఇస్తారట!

"తొడుగు కూడా ఇయ్యి నాయనా."

"మీకు కాకపోతే ఎవరికమ్మా! తీసుకోండి," అన్నాడు దుకాణదారు.

"చెవుల్లో పెట్టుకునేవో?"

"అవీ మీవే."

తోడొచ్చిన, అదే బజారులో తినే సముద్రపు నాచు అమ్మే మల్జా నోరెళ్లబెట్టింది. "అక్కా, ఇంకాసేపుంటే కొట్టే రాసిచ్చేట్టున్నాడే!"

వాళ్లిద్దరూ జెజు దీవి చూసి రావాలని నెలనెలా కూడబెడుతున్నారు. ఫోనుకని విడిగా దాచిన ఐదు లక్షలు కూడా అందులో కలుస్తాయని బున్రే మురిసిపోయింది. కలం అందుకుని, ఊరికే రాయి వేసి చూసింది.

"ఆ అన్నం కుక్కరో?"

అతను వెంటనే తెచ్చి ముందు పెట్టాడు.

ఆమె చెయ్యి అక్కడే ఆగింది. అడగ్గానే పిడికెడు నెత్తళ్లు కొసరు తను ఎప్పుడేస్తుంది? దాని ఖరీదు ముందే ధరలో కలిపి చెప్పినప్పుడు!

"నాయనా, నేనూ అమ్ముకునేదాన్నే. రెండేళ్లకీ కలిపి ఎంత కట్టాలో చెప్పు."

అతను తల గోక్కుని, క్యాలిక్యులేటరు నొక్కి ఆమె వైపు తిప్పాడు. ఇరవై ఒక్క లక్షల ముప్పై ఆరు వేలు!

"ఇదే ఫోను ఒప్పందం లేకుండా కొంటే? నాకు ఫోను మాట్లాడ్డానికీ, మనవరాలి ఫొటోలు చూడ్డానికే."

"ఐదు లక్షలమ్మా. పొద్దస్తమానం సినిమాలు చూసేవాళ్లకైతే పెద్ద పథకం కావాలి గానీ, మీ మాటలకీ మనవరాలి ఫొటోలకీ నెలకి పాతిక వేలది చాలు. రెండేళ్లకి అన్నీ కలిపి పదకొండు లక్షలు."

"పది లక్షల పైన తేడా!" మల్జా గుండె పట్టుకుంది. "అక్కా, మన జెజుని ఈ కుక్కరులో ఉడకేసి పెట్టేవాడే!"

దుకాణదారుకీ నవ్వాగలేదు. బున్రే కుక్కరు వెనక్కి తోసి, దాచిన ఐదు లక్షలూ లెక్కపెట్టి ఇచ్చి, ఫోను కొనుక్కుంది. జెజు డబ్బుకి చెయ్యి తగల్లేదు.

మర్నాడు బజారులో ఆడవాళ్లంతా మూగారు. "ఎంత తగ్గించావక్కా?"

"పైసా తగ్గించలేదు. ఊరికే ఏమేమి ఇస్తావని అడిగినంతసేపూ నేను ఓడిపోతూనే ఉన్నానే అమ్మా. సంతకం పెట్టే ముందు, ఆఖరికి మొత్తం ఎంతవుతుందని అడగండి. ఆ జవాబు వినేదాకా ఏదీ ఉచితమని నమ్మకండి."