నేను దిద్దిన పుర్రచెయ్యి

నేను ఒక పెట్టెని. కాస్త గొప్పగా చెప్పుకోవాలంటే, పాత ఫోటో నెగెటివ్‌లని కెమెరాకి చూపించే యంత్రాన్ని. నాకు పెట్టిన పేరు ఛాయాదర్శిని. ఆ పేరు ఆహ్వానపత్రిక మీద ఒకసారి అచ్చయింది, అంతే. బందరులో నన్నెరిగినవాళ్ళు మహా ఉంటే వందమంది. వాళ్ళంతా "నాంచారయ్య పెట్టె" అనే అంటారు.

నా ఒంటి సంగతి ముందే చెప్పేస్తాను. అడుగున తెల్లటి వెలుగు పలక, దాని మీద ఇత్తడి చట్రం, చట్రంలో నెగెటివ్, పైన బోర్లా వేలాడే కెమెరా. కెమెరా చూస్తుంది. నెగెటివ్‌లో నల్లగా ఉన్నదాన్ని తెల్లగా, తెల్లగా ఉన్నదాన్ని నల్లగా కంప్యూటరు మారుస్తుంది. బొమ్మని టీవీ చూపిస్తుంది. మరి నువ్వు చేసేదేమిటని అడగకండి, చిన్నబుచ్చుకుంటాను. పెళ్ళిలో తోడిపెళ్ళికొడుక్కి ఎంత పని ఉంటుందో నాకూ అంతే ఉంటుంది.

నా పుట్టుకకి కారణం హైమవతి టీచరు. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయిన మనిషి. ఒకరోజు పొద్దున్నే నాంచారయ్య ఫోటో స్టూడియోకి వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే అడిగింది.

"నా ఓణీల పండక్కి మీ నాన్నగారే వచ్చి ఫోటోలు తీశారండీ. డెబ్భై నాలుగులో. ఆ నెగెటివులేవైనా మిగిలాయా?"

"ఫోటోలు మీ దగ్గర లేవా టీచరు గారూ?"

"ఉప్పెనలో మా ఇంట్లో చెంచా కూడా మిగల్లేదు. నా ఫోటోల కోసం కాదులెండి. మా తమ్ముడు పాండు ఉంటాడేమోనని. ఓణీల పండగైన మరుసటేడే జ్వరమొచ్చి పోయాడు, తొమ్మిదేళ్ళవాడు. వాడి నవ్వు గుర్తుంది, గొంతు గుర్తుంది. మొహమే గుర్తుకు రావడం మానేసింది. ఈ ఏడాది మరీనూ."

నాంచారయ్య ఇనప బీరువా తెరిచాడు. తండ్రి కాలం నాటి నెగెటివ్‌లు, తను తీసినవి కలిపి ముప్ఫై వేల పైచిలుకు ఉన్నాయి అందులో. బందరు గాలికి ఇనుమే తుప్పు పడుతుంది, ఫిల్ము ఎంత? కవర్లలోంచి పులిసిన వాసన కొట్టింది. రెండు రోజులు వెతికితే ఓణీల పండగ కవరు దొరికింది. లోపల పదకొండు నెగెటివ్‌లు ఒకదానికొకటి అతుక్కుపోయి బెల్లపు ముద్దలా ఉన్నాయి. పన్నెండోది మాత్రం వేరే కాగితంలో చుట్టి ఉంది. కాగితం మీద తండ్రి రాత: "రీలు చివర మిగిలిన ముక్క. పిల్లవాడు. ప్రింటు వెయ్యలేదు."

అంటే ఆ బొమ్మని ఇంతవరకూ ఎవరూ కాగితం మీద చూడలేదన్నమాట. నాంచారయ్య దాన్ని కిటికీకి అడ్డంగా పట్టుకోబోతే హైమవతి టీచరు మొహం తిప్పేసుకుంది.

"వద్దండీ. నల్లమొహం, తెల్లజుట్టూ, దెయ్యంలా ఉంటుంది. మనిషిలా కనబడినప్పుడే చూస్తాను. అప్పుడు కూడా నాకంటే ముందు ఇంకెవరూ చూడొద్దు."

నాంచారయ్య సరేనన్నాడు. సరేనన్నంత తేలిక కాదు ఆ పని. డార్క్‌రూమ్ మూసేసి పదిహేనేళ్ళయింది. ప్రింటు వేసే కాగితం దొరకదు. బెజవాడలో స్కానింగు చేసేవాళ్ళు ఆ సైజు మా మిషన్లో దూరదని వెనక్కి పంపేశారు. ఈలోపు ఆ ముక్క అంచున పొర లేస్తోంది. ఇంకో వానాకాలం ఆగేలా లేదు.

అందుకని నన్ను పుట్టించారు. నాకంటే ముందు ఇద్దరు అన్నలు పుట్టారు లెండి. పెద్దాయన మిఠాయి అట్టపెట్టె, కడుపులో సెల్‌ఫోను లైటు. ఫ్యాను వేస్తే చాలు, ఎగిరిపోయేవాడు. రెండో ఆయన రేకు డబ్బా, లోపల వంద క్యాండిల్ బల్బు. ఆయన్ని పరీక్షించడానికి నాంచారయ్య తన బావమరిది పెళ్ళి నెగెటివ్ పెట్టాడు. మూడు నిమిషాల్లో బావమరిది అప్పడంలా ముడుచుకుపోయాడు. "పోన్లే, ఆయన నెగెటివ్ కాబట్టి సరిపోయింది" అని నాంచారయ్య నిట్టూర్చాడు. ఈ సంగతి వాళ్ళావిడకి ఇప్పటికీ తెలియదు.

మూడోవాణ్ణి నేను. డార్క్‌రూములో మూలపడ్డ, ఒకప్పుడు బొమ్మని పెద్దది చేసి ప్రింటు వేసిన ఎన్‌లార్జరుని బయటికి లాగి, తల తీసేసి, ఆ మెడకి కెమెరా తగిలించారు. వినాయకుడికి జరిగిన వైద్యమే నాకూ జరిగింది. ఆయనకి పూజలు మొదలయ్యాయి, నాకు సమ్మెట దెబ్బలు మొదలయ్యాయి. కొట్టింది భూషణాచారి. చిలకలపూడిలో గిల్టు నగలకి అచ్చులు చెక్కే పనివాడు, నాంచారయ్యకి చిన్నప్పటి స్నేహితుడు. చెవిదిద్దు మీద నువ్వుగింజంత నెమలిని చెక్కి, దాని కంట్లో చుక్క పెట్టగలిగిన చెయ్యి. ఆ చెయ్యి నా ఇత్తడి చట్రాన్ని నెల రోజులు ఆకురాయితో అరగదీసింది. నెగెటివ్ పెడితే వెంట్రుకవాసి కదలకూడదు, గీత పడకూడదు. రెండూ సాధించాడు. సాధించానని నేను చెప్పుకుంటాను, అది వేరే విషయం.

ఒక్క లోపం మిగిలింది. నా చట్రంలో నెగెటివ్‌ని ఎటువైపు నించి పెట్టినా దూరుతుంది. తిప్పి పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు మారిపోతుంది. కొత్త నెగెటివ్ అయితే ఒకవైపు మెరుస్తుంది, ఇంకోవైపు మెరవదు, తెలిసిపోతుంది. పాతబడినవి రెండు వైపులా ఒకేలా మసకబారి ఉంటాయి. "మనకి తెలియదా ఏవిటి, చూసి పెట్టుకుంటాం" అన్నాడు నాంచారయ్య. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. ఆ అనుభవం పక్కవాళ్ళకి కూడా ఉంటుందనుకుంటారు.

నేను తయారయ్యాక ఆ ఒక్క నెగెటివ్ చూపించేస్తే నా కథ అక్కడితో అయిపోయేది. కానీ నాంచారయ్యకి ఆశ పుట్టింది. చుట్టుపక్కల ప్రతి స్టూడియోలోనూ ఇలాంటి బీరువా ఒకటి కుళ్ళిపోతోంది కదా, అందరికీ ఇలాంటి పెట్టెలు చేసిస్తే? స్టూడియోలవాళ్ళ సంఘాన్ని పిలిచి ఆవిష్కరణ పెడదామన్నాడు. ఇల్లలకగానే పండగ కాదంటారు. మావాడు ఇల్లు అలకముందే పండగ పెట్టుకున్నాడు. హైమవతి టీచరు అడ్డు చెప్పలేదు.

"మీ సభ కానివ్వండి. అందరూ వెళ్ళాక చూస్తాను. యాభై ఏళ్ళు ఆగాను, ఒక పూట ఆగలేనా?"

సభ ఆదివారం పొద్దున పది గంటలకి, సంఘం హాల్లో. నాకు పూలదండ వేశారు. పసుపూ కుంకుమా తెచ్చి సరిగ్గా వెలుగు పలక మీదే పెట్టారు. కొబ్బరికాయ నా ముందే కొట్టారు, నీళ్ళు కెమెరా మీద చిందాయి. భూషణాచారి పళ్ళు నూరుకుంటూ కండువాతో తుడిచాడు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ఒళ్ళు తెలియలేదు. ఆ రోజు నన్ను మించిన యంత్రం లేదనుకున్నాను.

మన దగ్గర దేన్ని ప్రారంభించినా పెద్దమనిషి చేతుల మీదుగానే జరగాలి కదా. సంఘం అధ్యక్షులవారు చిరునవ్వుతో, కెమెరాల వైపు చూస్తూ, నా వైపు చూడకుండా నెగెటివ్‌ని చట్రంలోకి దోపారు. అది సంఘం కార్యదర్శి గారి తండ్రి పెళ్ళి భోజనాల నెగెటివ్. అందరూ చప్పట్లు కొట్టారు. టీవీ మీద బొమ్మ వచ్చింది.

ఎంత స్పష్టంగా వచ్చిందంటే పప్పులో పోపుగింజలు లెక్కపెట్టుకోవచ్చు. బంతిలో ఇరవై మంది కూర్చుని ఉన్నారు. ఇరవై మందీ ఎడమచేత్తో అన్నం కలుపుతున్నారు. నెయ్యి వడ్డించేవాడూ ఎడమచేత్తోనే వడ్డిస్తున్నాడు. పక్కన నిలబడ్డ ఆడవాళ్ళ పైటలన్నీ కుడి భుజాల మీదికి ఎక్కాయి.

 ముందు వరసలో ఒకావిడ "అయ్యయ్యో, ఇదెక్కడి పెళ్ళమ్మా!" అంది. హాలంతా పగలబడి నవ్వింది. కార్యదర్శి గారు మాత్రం లేచి నిలబడ్డారు.

"మా నాన్నగారు సంధ్య వార్చందే మంచినీళ్ళు ముట్టేవారు కాదయ్యా! ఆయన పుర్రచేత్తో భోంచెయ్యడవేఁవిటి? ఏం మిషనయ్యా ఇది?"

నాంచారయ్య పరుగున వచ్చి తిప్పి పెట్టాడు గానీ, ఎవరు చూశారు? నవ్వు ఆగనే లేదు. పెట్టింది అధ్యక్షులవారని ఎవరూ అనరు, అనకూడదు. తప్పు పెట్టెదే. ఉప్మా తిని, కాఫీ తాగి, వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయారు. "నాకూ ఒకటి కావాలి" అన్నవాడు ఒక్కడు లేడు. పోతూ పోతూ ఒకాయన నాకు ఎడమచేత్తో దండం పెట్టాడు కూడా.

హాల్లో ముగ్గురు మిగిలారు. నాంచారయ్య తల వంచుకుని కూర్చున్నాడు. భూషణాచారి సుద్దముక్క తీసుకుని నా నుదుటి మీద రాశాడు: పైట ఎడమ భుజం. జేబు ఎడమ వైపు. తినే చెయ్యి కుడి.

"ఇహ మీదట ఈ మూడూ చూడకుండా ఎవడికీ చూపించకు. బుద్ధొచ్చిందా?" అన్నాడు నాంచారయ్యతో.

"వచ్చింది" అన్నాడు నాంచారయ్య.

నాలుగో వరసలో హైమవతి టీచరు చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. మెల్లగా లేచి వచ్చింది.

"ఇప్పుడు చూడొచ్చా అండీ?"

నాంచారయ్య కండువా తీసి టీవీ మీద కప్పాడు. ఆ ముక్కని రెండు వేళ్ళతో, పసిపిల్ల చెవి పట్టుకున్నంత సుతారంగా పట్టుకుని, నలభై ఏళ్ళ అలవాటుతో సరైన వైపే చట్రంలో పెట్టాడు. అంతా బాగుందో లేదోనని కండువా ఒక మూల ఎత్తి తొంగిచూశాడు. ముందు తనే చూస్తానని ఆవిడ పెట్టిన షరతు అప్పుడే ఒక పిసరు తప్పాడు. చూసి ఉలిక్కిపడ్డాడు. అరుగు మీద కూర్చున్న పిల్లవాడు ఎడమచేత్తో లడ్డూ తింటున్నాడు. ఒంటి మీద చొక్కా లేదు, జేబు చూద్దామంటే. పక్కన ఆడమనిషి లేదు, పైట చూద్దామంటే. మిగిలింది ఒకటే గుర్తు. అది నా నుదుటి మీద సుద్దతో రాసి ఉంది. పొద్దుటి నవ్వులు ఇంకా చెవుల్లో ఉన్న మనిషి. ముక్కని బయటికి తీసి, తిప్పి పెట్టాడు.

నేను జీవితంలో ఒక్కసారి నిజం చెప్పాను. చెప్పినప్పుడు నన్ను ఎవరూ నమ్మలేదు.

"చూడండమ్మా" అని కండువా లాగాడు.

ఆవిడ చాలాసేపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

"మావాడేనండీ. కానీ మావాడిలా లేడు. ఎవరో వాడి వేషం వేసినట్టుంది."

"యాభై ఏళ్ళయింది కదమ్మా" అన్నాడు భూషణాచారి.

"ఏ చేత్తో తింటున్నాడు వాడు?"

"కుడిచేత్తోనేనమ్మా. ముందు ఎడమలా వచ్చింది, నేనే దిద్దాను" అన్నాడు నాంచారయ్య, ఆ రోజు మొదటిసారి కాస్త ధైర్యంగా.

హైమవతి టీచరు నవ్వింది. 

"మావాడిది పుర్రచేతివాటమండీ. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని మా నాన్న వాడి ఎడంచేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసి అన్నం పెట్టేవాడు. కొట్టేవాడు, వాతలు పెట్టేవాడు. వాడు వినలేదు. చనిపోయేదాకా వినలేదు. మా నాన్న బతికుండగా చెయ్యలేని పని మీ పెట్టె చిటికెలో చేసిందే!"

ఎంతోమంది ఎన్నో మాటలన్నారు నన్ను ఆ రోజు. ఇదొక్కటే తగిలింది.  "తప్పయిపోయిందమ్మా, తప్పయిపోయింది" అంటూ నాంచారయ్య ముక్కని మళ్ళీ తిప్పాడు. భూషణాచారి నా నుదుటి మీద మూడో వాక్యాన్ని అరచేత్తో తుడిచేశాడు.

ఈసారి పాండు వచ్చాడు. ఎడమచేతిలో సగం కొరికిన తొక్కుడు లడ్డు, బుగ్గ నిండా పిండి. ముందు చూసిన మొహమే, అయినా ఇది వేరే మొహం. హైమవతి టీచరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక ఆపుకోలేదు. ఏడుస్తూనే టీవీ దగ్గరికి వెళ్ళి, బొమ్మలో వాడి కళ్ళ వైపు వేలు చూపించింది. వాడు ఫోటో తీసేవాడి వంక చూడటం లేదు. పక్కకి చూస్తున్నాడు, నమలడం ఆపి, భయంగా.

"అటువైపు నేనున్నానండీ. కొత్త ఓణీ వేసుకుని నిలబడ్డాను. 'నాన్నా, వీడు మళ్ళీ పుర్రచేత్తో తింటున్నాడు' అని అరిచాను. చుట్టాలందరి ముందూ కొట్టాడు వాణ్ణి. లడ్డూ కింద పడిపోయింది. ఎప్పుడూ నేనే చెప్పేదాన్ని. నన్ను మంచిపిల్ల అనేవాళ్ళు."

నాంచారయ్య కెమెరా బటను మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఆ బొమ్మని ఇంకా కెమెరాతో ఫోటో తీసి దాచలేదు. ముక్క అంచున పొర లేచి సన్నగా ఆడుతోంది. "తియ్యమంటారా టీచరు గారూ?" అని అడిగాడు.

ఆవిడ టీవీ ముందు నేల మీద కూర్చుంది. వాడి మొహానికి తన మొహం సమానంగా వచ్చేలా కూర్చుని, ఒక చెయ్యెత్తి కాస్త ఆగమన్నట్టు నాంచారయ్యకి చూపించింది.

"తినరా పాండూ" అంది. "తిను నాన్నా. నేనెవరికీ చెప్పన్లే."