బొట్టు పెట్టిన వికెట్ కీపర్

నేను ఒక క్రికెట్ కార్డును. బబుల్‌గమ్ పొట్లంతో పాటు ఉచితంగా లోకంలోకి వచ్చినవాడిని. అగ్గిపెట్టెల లేబుళ్లు వేసే ప్రెస్సులో, ఆ రంగులతోనే నన్నూ అచ్చువేశారు. నా మీది వికెట్ కీపర్ మోకాళ్లు వంచి, గ్లవ్స్ నేలకు ఆనించి, రాని బంతి కోసం ఎదురుచూస్తుంటాడు. ఆయన పేరు చెప్పినా మీరు గుర్తుపట్టరు. అది మీ తప్పు కాదు. నా కోపమూ మీ మీద కాదు.

తెనాలిలో భానుమూర్తి చేతికి చిక్కేనాటికి అతను ఐదో తరగతి. వేళ్లు చొక్కాకు తుడుచుకుని, అంచులు మాత్రమే పట్టుకుని నన్ను దాచాడు. జట్టు కార్డులన్నీ చేరి సెట్టు పూర్తయ్యాక కార్డుకొక ప్లాస్టిక్ కవరు తొడిగాడు. పెళ్లయ్యాక కూడా, జంతికలు తిన్న చేత్తో ఎవరినీ ఆల్బమ్ ముట్టనివ్వలేదు. మనుషుల్లో ఇంత వివేకమా అని అబ్బురపడ్డాను. తొందరపడ్డాను.

అతని కూతురు తన్మయి కూడా వికెట్ కీపరే. జిల్లా జట్టు సెలక్షన్స్‌కు పిలుపు వచ్చింది. గ్లవ్స్, ప్యాడ్లు ఎవరివి వారే తెచ్చుకోవాలి. భానుమూర్తి జిరాక్స్ కొట్టు రాబడి అద్దెకే చాలదు. అందుకని మా ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడు. విజయవాడ నుంచి ఒకాయన సెట్టంతా కొంటానన్నాడు. ఆయన షరతు ఒక్కటే: ఏ కార్డు మీదా మచ్చ ఉండకూడదు.

ఆయన రావలసిన ఉదయం భానుమూర్తి వాళ్లన్న విశ్వపతి తడి కుంకుమ గిన్నెతో దిగాడు.

"చేతులు మారే వస్తువుని బొట్టు లేకుండా పంపుతార్రా ఎవరైనా? తియ్, ఆ కవర్లు తియ్."

"కవరు మీదే పెట్టన్నయ్యా, చాలు."

"ప్లాస్టిక్ మీద పెడితే ఫలం ప్లాస్టిక్‌కే పోతుంది. నీకేం మిగుల్తుంది?"

ఇలాంటి తర్కం విన్నాక కూడా మాట్లాడలేకపోయానంటే, నేను అట్టముక్కను. భానుమూర్తికి నోరుంది. తడి తగిలిన కాగితం ఏమవుతుందో జిరాక్స్ కొట్టువాడికి ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా పెద్దవాడి మాట కాదనలేక, తన చేతులతోనే మమ్మల్ని ఒక్కొక్కరినీ కవర్లోంచి లాగి వరసగా పరిచాడు. విశ్వపతి వేలు మా కీపర్ నుదుటిని అద్దింది. కుంకుమ ఎరుపు ఆయన టోపీ అంచుదాకా పాకింది.

కొనవచ్చినాయన ఆల్బమ్ తెరిచి రెండు పేజీలు తిప్పాడు.

"ఏంటండీ ఇది? టీమంతటికీ పెళ్లి చేసేశారా?" అని, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

విశ్వపతి ముఖంలో పశ్చాత్తాపం వెతికాను. విజయం కనిపించింది.

"ఆడపిల్లకి క్రికెట్ ఏంట్రా అని మొదట్నుంచీ మొత్తుకుంటున్నా. చూశావా, దేవుడే అడ్డం పడ్డాడు."

"దేవుడు కాదు పెదనాన్నా," అంది తన్మయి, "మీ వేలు."

"పెద్దాళ్లతో అలాగేనా మాట్లాడేది?" అని భానుమూర్తి గద్దించాడు. ఆ రోజంతటిలో అతని గొంతు పైకి లేచింది అప్పుడే, అదీ కూతురి మీద. కారణం కళ్ల ముందు గిన్నెలో ఎర్రగా కనిపిస్తుంటే, కర్త కోసం ఆకాశం వైపు చూసే వారిని అజ్ఞానులని క్షమించవచ్చు. అన్నీ తెలిసి కవర్లు విప్పినవాణ్ని ఏమని క్షమించను?

మమ్మల్ని చూడలేక అతను పాత పేపర్ల కొట్టులో తూకానికి వేశాడు. కొట్టు యజమాని కోటయ్య నా బొట్టు చూసి ఉలిక్కిపడి, కళ్లకద్దుకుని, గోడ మీద దేవుళ్ల పటాల మధ్య అతికించాడు. నాకు అగరుబత్తి కూడా దక్కింది. నేనెవరినని అతను విచారించలేదు. బొట్టుంది కదా, చాలు.

సెలక్షన్స్ ఉదయాన తన్మయి ఆ కొట్టు ముందు సైకిల్ ఆపింది. స్కూల్లో అడిగి తెచ్చుకున్న ప్యాడ్లు, వేళ్లకు వదులైన గ్లవ్స్ హ్యాండిల్‌కు వేలాడుతున్నాయి.

"బాబాయ్, ప్యాడ్ పట్టీ తెగింది. కాస్త పురికొస ఇస్తావా?"

పురికొస అందుకుంటూ తలెత్తి నన్ను చూసి అక్కడే ఆగిపోయింది.

"దణ్ణం పెట్టుకోమ్మా, తప్పకుండా తీసుకుంటారు నిన్ను," అన్నాడు కోటయ్య.

"దణ్ణం కాదు బాబాయ్. మోచేతులు ఎక్కడ పెట్టాడో చూస్తున్నా."

పేపర్ల కట్టల మధ్యే మోకాళ్లు వంచి కూర్చుంది. నావైపు మరోసారి చూసి మోచేతులు కొంచెం లోపలికి తెచ్చుకుంది. లేచి, పట్టీ బిగించి కట్టుకుని, సైకిలెక్కి వెళ్లిపోయింది.

ఈ కాలం పిల్లలకు భక్తి లేదని కోటయ్య నిట్టూర్చి, ఇంకో అగరుబత్తి వెలిగించి, పొగ సరిగ్గా నా ముఖానికే తగిలేలా గుచ్చాడు.