ఎల్లేశం చెవి

నస్పూరు అవతలి బొగ్గుబాయిలో ఎల్లేశం పని గని పైకప్పును ఇనుప కడ్డీతో కొట్టి వినడం. బొగ్గు తవ్వేవాళ్లు లోపలికి అడుగు పెట్టేముందు నెత్తి మీది రాయిని కొట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టి. డొల్లగా మోగితే లోపల పొర విడిచిందన్నమాట. దుంగలు నిలబెట్టేదాకా ఎవరూ దాని కిందికి పోకూడదు. పదకొండేళ్లు ఆ చెవి తప్పలేదు. పనిలోకి దిగేవాళ్లు దేవుడికి మొక్కి, ఆ తరువాత ఎల్లేశం మొహం చూసేవారు.

మూడు నెలల కింద ఒకరోజు కప్పు డొల్లగా మోగింది. పని ఆపాలన్నాడు ఎల్లేశం. లోపల పని చేయించే ఓవర్‌మన్ దశరథం గడియారం చూసుకున్నాడు. పైకి పోవలసినన్ని బొగ్గు టబ్బులు పోకపోతే దొరలు దశరథానికి అక్షింతలు వేస్తారు, ఆయన వాటిని కిందికి పంచుతాడు.

"అనుమానానికి పని బందు పెడితే బాయికి తాళమేసుకోవాలె. ఖాయంగ చెప్పు, కూలుతదా?"

కూలుతుందని ఖాయంగా ఏ మనిషి చెప్పగలడు? ఎల్లేశం నసిగాడు. ఆ నసుగుడునే సరే అనుకుని మనుషుల్ని పంపారు. పావుగంటకు కప్పు మీద పడి రాజం అక్కడికక్కడే పోయాడు. రాజం ఎల్లేశం పక్కింటివాడు. విచారణలో 'కప్పు పరీక్ష అయినది' అని రాసి కింద ఎల్లేశం వేలిముద్ర వేయించుకున్నారు. సిగ్గులేని కాగితం.

అప్పటినుంచి ఎల్లేశానికి ప్రతిదీ డొల్లగా మోగుతోంది. ఇంట్లో గోడను వేలితో కొడతాడు, తలుపును కొడతాడు, నీళ్లు నిండిన బిందెను కూడా కొడతాడు. బాయిలో ఎక్కడ కొట్టినా అదే చప్పుడు. ఒక్క నెలలో నాలుగుసార్లు పని ఆపించాడు. నాలుగుసార్లూ కప్పు చెక్కుచెదరలేదు. ఆ రోజుల కూలి పోగొట్టుకున్నవాళ్లు అతన్ని చూస్తే మొహం తిప్పుకున్నారు. ఇంకోసారి ఆపితే ఇంటికి పంపిస్తానని దశరథం తేల్చి చెప్పాడు. దవాఖానాకు పోతే చెవిలో చుక్కలు పోసి పంపారు. చుక్కలకు లొంగే రోగమా అది?

చివరికి భార్య సారక్కే ఒక ఉపాయం చెప్పింది. పొద్దున గట్క తింటూ అతను కంచాన్ని కొడుతుంటే ఆ చేయి పట్టుకుంది.

"నీకు ఇనబడ్డప్పుడు పక్కోని మొఖం సూడు. ఆనికి ఇనబడకపోతే అది లేనట్టే. నీ మనసే నిన్ను గట్ల పరేషాన్ జేస్తున్నది."

పాపం, ప్రేమతోనే చెప్పింది. అతను గోడ కొట్టి ఆమె మొహం చూశాడు. ఆమె అప్పటికే చేట అందుకుని ఎప్పటిలాగే జొన్నలు చెరుగుతోంది. ఎల్లేశానికి ప్రాణం లేచి వచ్చింది. మూడు నెలల తరువాత ఆ పూట కడుపునిండా తిని షిఫ్టుకు పోయాడు.

లోపల కడ్డీ ఎత్తి కప్పును కొట్టాడు. డొల్ల. రెండడుగులు జరిగి మళ్లీ కొట్టాడు. డొల్ల. వెనక తొమ్మిదిమంది పారలతో నిలబడ్డారు. దశరథం దీపం పట్టుకుని అతన్నే చూస్తున్నాడు.

ఎల్లేశం పక్కనున్న భూమన్న మొహం చూశాడు. భూమన్న ఆవులించాడు. మిగిలినవాళ్ల మొహాల్లోనూ ఏమీ లేదు. ఏముంటుంది? ఆ చప్పుడులో తేడా తెలిసిన చెవి ఆ బాయిలో ఒక్కటే ఉండేది, దాన్నీ పాడుచేసి కూర్చున్నారు.

"ఏందన్నా, పోవాల్నా వద్దా?" అన్నాడు భూమన్న.

"బాగనే ఉన్నది. పోండ్రి."

"గట్లుండాలె," అని దశరథం భుజం తట్టాడు.

తొమ్మిదిమందీ లోపలికి నడిచారు. ఎల్లేశం కూడా వాళ్ల వెంటే పోయి భూమన్న పక్కన నిలబడ్డాడు. మొదటి టబ్బు నిండింది. రెండోది సగమైంది. అప్పుడు నెత్తి మీద ఎక్కడో సన్నగా పటుక్కుమంది.

నా మనసే, అనుకున్నాడు ఎల్లేశం. సారక్క చెప్పినట్టే పక్కవాడి మొహం చూశాడు.

భూమన్న పార గాలిలోనే ఆగిపోయింది. అతను పైకి చూస్తున్నాడు.